అహల్యా వృత్తాంతము – ముఖపరంపరలో పరిణామము

పురాణకథలు ముఖపరంపరచే ప్రచలితములగునపుడు మూలమునుండి తొలగుననియు, ఆ తొలగుట దోషమనియు కొందఱి అభిప్రాయము. అహల్యా వృత్తాంతమును పరిశీలించినచో ఈ మతము పునర్విచారార్హమని తోచును. ముఖపరంపర స్వయముగా నిలువదు. ఆయా కాలముల గ్రంథములే దాని యడుగుజాడలు.

శతపథబ్రాహ్మణమున, సుబ్రహ్మణ్యాహ్వానమునందు, ఇంద్రుడు అహల్యాజారుడుగా సంబోధింపబడెను. అచట శాపము లేదు, శిల లేదు. వాల్మీకి బాలకాండమున అహల్య మునివేషధారి ఇంద్రుడని యెఱిగియే సమ్మతించెను. గౌతముడామెను శిలవు కమ్మనలేదు. వాయుభక్షణము చేయుచు, భస్మమున శయనించి, ఎవ్వరికిని కనబడక తపింపుమనెను. శాపాంతమున రామలక్ష్మణులే ఆమె పాదములకు మ్రొక్కిరి. ఉత్తరకాండమున నన్ననో, తెలియక మోసపోతినని ఆమె విన్నవించుకొనెను. రఘువంశము 11వ సర్గమున ఆమె శిలారూప. రామపాదధూళిచే నిజరూపము పొందెను. కాళిదాసు అచట 'కిల' అను అవ్యయమును వాడెను. అనగా, అది వినికిడి మాట యని సూచన.

అదృశ్యత్వమును శ్రోతల కన్నులకు గట్టించుట కథకునకు కష్టము. శిలను చూపుట సులభము. తెనుగున 'రాతి', 'నాతి' అను పదములు ప్రాసకు జతపడుటచే ఆ కథ జనుల నాలుకపై మఱింత నిలిచినది. ఒక మార్పు మఱియొక దానికి బీజమగును. మొల్ల రామాయణమున గుహుడు, రాయి కాంత 'అయ్యెనట' యని తలచి, తన యోడ యేమగునో యని శంకించి రాముని పాదములు కడిగెను. వాల్మీకమున ఈ ఘట్టము లేదు. శిల లేనిచో గుహుని శంకయే లేదు. ఇచటను 'అట' యను వినికిడి మాటయే ఆధారమగుట గమనింపదగినది.

భావపరిణామము అంతకంటె ముఖ్యమైనది. తపస్విని పాదములకు రాజకుమారులు మ్రొక్కిన కథ, భగవంతుని పాదధూళిచే అబల తరించిన కథగా మాఱినది. భక్తికిది లాభమే. కాని అహల్య తపస్సు మఱుగుపడెను, శిలకు తపస్సెక్కడిది?

కావున అధ్యాపకుడు శిలాకథను తప్పని త్రోసివేయరాదు. దానినే వాల్మీకమని బోధింపనురాదు. ఏ యంశము ఏ దశకు చెందినదో విడదీసి చూపవలెను. అపుడు గుహుని భక్తియు నిలుచును, అహల్య తపస్సును విద్యార్థికి దక్కును.