చెంగల్వ కోష్టు – నీడలో పెరిగే అడవి పువ్వు

మొక్కకు ఎండ కావాలని చిన్న తరగతుల నుంచే మనమందరం చదువుకున్నాము. అయితే అడవిలో పెద్ద చెట్ల కింద పుట్టి, ఆకుల సందుల్లోంచి పడే కొద్దిపాటి వెలుతురుతోనే పెరిగి పూలు పూసే మొక్కలు కూడా ఉన్నాయి. అటువంటి వాటిలో చెంగల్వ కోష్టు ఒకటి. మారేడుమిల్లి, పాడేరు వైపు నుంచి వచ్చిన తమ్ముళ్ళు దీన్ని వాగుల పక్కన చూసే ఉంటారు. మీ ఊళ్ళో పేరు వేరే ఉండవచ్చు. దీన్ని మన హాస్టల్ ఆవరణలో ఎలా పెంచాలో ఈ వ్యాసంలో వివరిస్తాము.

ఇది అల్లం, పసుపులకు దగ్గర చుట్టం. మనిషెత్తు వరకు పెరుగుతుంది. అల్లం ఆకులు రెండు వరుసల్లో ఉంటాయి. దీని ఆకులు మాత్రం కాండం చుట్టూ మెలితిరుగుతూ మెట్లలాగా పైకి పోతాయి. అందువల్ల పై ఆకు నీడ కింది ఆకు మీద పూర్తిగా పడదు. దొరికే వెలుతురే తక్కువైనప్పుడు ఈ ఏర్పాటు ఎంత ఉపయోగమో ఆలోచించండి. వానాకాలంలో కాండం చివర ఎర్రని పుచ్ఛాల కంకి వచ్చి, అందులోంచి ముడతల కాగితం లాంటి తెల్లని పువ్వు విచ్చుకుంటుంది. ఆ వెడల్పాటి తెల్లని భాగం ఆకర్షణపత్రం కాదు. పుప్పొడి లేని కేసరాలు కలిసిపోయి అలా మారాయి. పుప్పొడినిచ్చే కేసరం ఒక్కటే ఉంటుంది. బై.పి.సి. చదివేవారు ఒక పువ్వు కోసి చూస్తే బొమ్మ కంటె బాగా అర్థమవుతుంది.

దీన్ని 1783లో శాస్త్రీయంగా వర్ణించినవాడు కోనిగ్. లిన్నేయస్ శిష్యుడు, తరంగంబాడిలో వైద్యుడు. 1785లో ఆయన చనిపోయింది మన కాకినాడ జగన్నాథపురంలోనే. పాత పుస్తకాల్లో ఈ మొక్క పేరు కాస్టస్ స్పెసియోసస్ అని ఉంటుంది. ఇప్పటి పేరు హెల్లెనియా స్పెసియోసా. రెండూ ఒకటే, కంగారుపడవద్దు.

ఇక పెంపకం. ముఖ్యంగా గమనించవలసింది ఏమిటంటే, నీడ అంటే చీకటి కాదు. గోడల మధ్య వెలుతురే సోకని మూలలో నాటితే కాడలు వెలుతురు వైపు వాలిపోతాయి, పువ్వు రాదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో పెడితే ఆకుల అంచులు మాడిపోతాయి. ఉదయం కాసేపు ఎండ తగిలి, తరువాత చెట్టు నీడ పడే చోటు మంచిది. రెండు మూడు మొలక కళ్ళున్న కొమ్ము ముక్కను జూన్‌లో రెండు మూడు అంగుళాల లోతున అడ్డంగా పెట్టాలి. మట్టిలో మాగిన పశువుల ఎరువు, కుళ్ళిన ఆకులు కలపాలి. బంకమట్టి అయితే ఇసుక కూడా కలపాలి. కుదురుకీ కుదురుకీ రెండడుగులు వదలాలి. వానలు ముఖం చాటేస్తే నీళ్ళు పోయాలి. సబ్బునీళ్ళు పారే కాలువ పక్కన మాత్రం వద్దు. ఆవరణ ఊడ్చిన ఆకులు కాల్చకుండా మొదట్లో కప్పితే తేమ నిలుస్తుంది. అడవి చేసే పని కూడా ఇదే.

చలికాలంలో ఆకులు పండి, కాడలు ఎండిపోతాయి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు, చచ్చిపోయిందనుకుని పీకేస్తారు. అది చావలేదు. నేలలో కొమ్ము నిద్రపోతోంది. అప్పుడు నీళ్ళు ఎక్కువ పోస్తేనే కుళ్ళుతుంది. ఎండిన కాడలు కోసి, ఆకులు కప్పి, పార తగలకుండా నాలుగు పుల్లలు పాతితే చాలు. వేసవి సెలవుల్లో హాస్టల్‌కు తాళం పడుతుంది, నీళ్ళు పోసే దిక్కుండదు. మనం ఊళ్ళో ఉండే ఆ రోజుల్లోనే ఇదీ విశ్రాంతి తీసుకుంటుంది. హాస్టల్ తెరిచి వానలు పడ్డాక మళ్ళీ మొలుస్తుంది. గులాబీలు ఎండిపోయిన హాస్టల్లో కూడా ఇది నిలబడుతుందని మేము చెప్పగలము.

మందు సంగతి కూడా చెప్పాలి. ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివినవాళ్ళం కాబట్టి, ఊళ్ళో ఎవరికి షుగర్ వచ్చినా ఆకు తెచ్చి మమ్మల్నే అడుగుతుంటారు. నర్సరీల్లో 'ఇన్సులిన్ మొక్క' అని అమ్మేది నారింజ రంగు పువ్వులు పూసే బ్రెజిల్ మొక్క. చెంగల్వ కోష్టుకు బంధువే గాని ఇది కాదు. ఆయుర్వేద దుకాణాల్లో ఇదే పేరుతో దొరికే వాసన వేరు హిమాలయాల మొక్కది. అది వేరే కుటుంబం. ఒక పేరు, మూడు మొక్కలు! ఏ ఆకు తిన్నా డాక్టరు రాసిన మాత్రలు మానవద్దని అమ్మానాన్నలకు మీరే గట్టిగా చెప్పండి.

దీని కొమ్ములో డయోస్‌జెనిన్ ఉంటుంది. హార్మోను మందుల తయారీకి అది ముడిసరుకు. అందుకే అడవిలో కొమ్ములు తవ్వేస్తున్నారు. కొమ్ము పోతే కుదురంతా పోయినట్లే. కనుక అడవి నుంచి పీక్కురావద్దు, పెంచుతున్నవారిని అడగండి. కాండాన్ని కణుపులుండేలా ముక్కలు కోసి తడి ఇసుక మీద పడుకోబెట్టినా మొలకలు వస్తాయి.

వంటగది వెనుక వేపచెట్టు కింద మేము నాటిన కుదురుకు మూడేళ్ళు నిండాయి, ఒత్తుగా అయ్యింది. హాస్టల్ తెరిచిన వారంలో దాన్ని విడదీయాలి. ఆరేడు ముక్కలు రావచ్చు. కావలసిన తమ్ముళ్ళు వార్డెన్ గారికి చెప్పి, ముందుగా చోటు చూసి ఉంచండి.