నక్షత్రపట్టికలు నడచిన దారి

విశాఖపట్టణము

చిరంజీవి వసుంధరకు నీ చిన్నతాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.  

నీవు పంపిన ప్రయాణపట్టికను మీ నాన్న అచ్చువేయించి తెచ్చి నా చేతికిచ్చినాడు. పట్టా పుచ్చుకొన్న వెంటనే విమానమెక్కి తిన్నగా ఇల్లు చేరుటకు మాఱు, హైడల్‌బెర్గునుండి సాధ్యమైనంతవఱకు రైళ్లలోను బస్సులలోను నేలమీదనే ప్రయాణముచేసి, యూరపుఖండమును దాటి, ఆసియాలో ప్రవేశించి, నడుమనున్న దేశములను కన్నులార చూచుకొనుచు రావలెనని నీవు సంకల్పించినందులకు నాకు కలిగిన సంతోషము ఇంతింతనరానిది. మీ అమ్మకు కలిగిన భయమును అంతటిదే. ఆ సంగతి తరువాత వ్రాసెదను. కాని పట్టికను చదువగా మాత్రము నాకు తల తిరిగినది. నెల దినములలో పందొమ్మిది పట్టణములు! ప్రాగులో ఒక పగలు, వియన్నాలో ఒక పూట, బుడాపెస్టులో ఒక రాత్రి! జరుగుడు జరుగుడని త్రోయుచుండగా తిరుమలలో భక్తుడు స్వామిని చూచినట్లు గదా నీవీ నగరములను చూడబోవుచున్నది! ఆ భక్తునకైన స్వామి యొక్కడే, నీకు పందొమ్మిదిమంది.

సలహా అడిగితివి గనుక చెప్పుచున్నాను. చూడదగిన స్థలముల జాబితాను ప్రక్కన పెట్టి, ఏదో యొక్క ప్రశ్నను వెంటబెట్టుకొని బయలుదేరుము. ఆ ప్రశ్నకు పనికివచ్చు నూళ్లలో దిగి నాలుగేసి దినములుండుము. తక్కినవాటిని రైలు కిటికీలోనుండి చూచి విడిచిపెట్టుము. అన్నియు చూడవలెనని పోవువానికి ఏదియు అడుగవలెనని తోచదు; అడుగనివానితో ఏ యూరును మాటలాడదు. ప్రశ్న యేది యందువా? నీవు చదివినది ఖగోళభౌతికశాస్త్రము. 1386లో నెలకొన్న మీ విశ్వవిద్యాలయపు నగరమునకు ఎగువనున్న కొండమీద, 1898లో తెఱచిన వేధశాలలో, మాక్స్ వుల్ఫు మహాశయుడు ఛాయాచిత్రములతో చిన్నచిన్న గ్రహములను పట్టిన చోట నీవు రాత్రులు మేల్కొంటివి. అట్టి నీకు, ఆకాశమును కొలిచినవారు తమ కొలతలను ఒకరినుండి ఒకరు ఎట్లందుకొనిరి, ఎక్కడ అందుకొనలేకపోయిరి యను ప్రశ్నకంటె తగినది నాకు తోచలేదు. చిత్రమేమనగా, ఆ ప్రశ్నను పట్టుకొని పోయినచో దారి దానంతట అదియే ఏర్పడుచున్నది.

మొదట స్టుట్‌గార్టు దాపుననున్న వైల్ డెర్ ష్టాట్ అను చిన్న యూరికి పొమ్ము. 1571లో కెప్లరు పుట్టినది అచ్చటనే. అది ఒక పూట పని. అటుపిమ్మట ప్రాగునకు పోయి, త్రోవలోని యితర విశేషములకు లొంగక, అచ్చట మూడు దినములు నిలువుము. 1599లో డెన్మార్కు దేశస్థుడైన టైకో బ్రాహీ రుడాల్ఫు చక్రవర్తి యాశ్రయమును కోరి అచ్చటికి చేరెను. మఱుసటి యేడు కెప్లరు వచ్చి కలిసెను. 1601లో టైకో మరణించెను. టీన్ చర్చిలో ఆయన సమాధి గలదు. ఒకడు జీవితమెల్ల గ్రహములను కొలిచినవాడు. మఱియొకడు చిన్ననాటి మశూచికమువలన చూపు మందగించి, ఆకాశమును సరిగా చూడజాలనివాడు. ఆ రెండవవాడు అంగారకుని స్థానమును గణితము చేయగా, టైకో కొలతకును తన లెక్కకును ఎనిమిది కలల భేదము వచ్చినది. అంశలో అఱువదవ పాలు ఒక కల యని నీకు నేను చెప్పనక్కఱలేదు. అంత స్వల్పభేదమును మఱియొకడైనచో కొలచినవాని పొరపాటని త్రోసిపుచ్చియుండును. కెప్లరు టైకోను నమ్మి, ఏండ్ల తరబడి పడిన శ్రమను తానే కొట్టివేసికొనెను; ఆ ఎనిమిది కలలనుండియే 1609లో గ్రహములు దీర్ఘవృత్తములలో తిరుగుచున్నవను నియమము వెలువడినది. ఈ ఎనిమిది కలలను జ్ఞాపకముంచుకొనుము. జయపురములో వీనితో పనియున్నది.

వియన్నాను, బుడాపెస్టును, సోఫియాను నీ యిష్టమునకు విడిచితిని. సోఫియానుండి ఇస్తాంబులునకు రాత్రిరైలు గలదు. సరిహద్దున కాపికులె అను చోట నడిరేయి లేపి, సామానుతో సహా దింపి, తనిఖీ చేయుదురు. కావున మోయగలిగినంత సామానే తెచ్చుకొనుము. ఆ రైలు నగరపు వెలినున్న హల్కలి స్టేషనులో నిలిచిపోవును. అచ్చటనుండి మర్మరై రైలెక్కినచో, అది పూర్వము ఓరియంట్ ఎక్స్‌ప్రెస్సు వచ్చి ఆగుచుండిన సిర్కెజి మీదుగా సముద్రము క్రిందినుండి నిన్ను ఆసియాకు చేర్చును. ఆ సొరంగమార్గము 2013లో తెఱవబడినది.

ఇస్తాంబులులో ఐదు దినములకు తక్కువ యుండకుము. 1577లో గొప్ప తోకచుక్క యొకటి కనబడగా, డెన్మార్కు ద్వీపమున టైకోయును, ఈ నగరమున తకీయుద్దీనను ఖగోళజ్ఞుడును, ఒకరి నొకరెఱుగకయే దానిని పరిశీలించిరి. తకీయుద్దీనునకు మూడవ మురాదు సుల్తాను కట్టించిన వేధశాల ఆ యేడే సిద్ధమై, 1580లో ఆ సుల్తాను ఆజ్ఞచేతనే నేలమట్టమైనది. ఆస్థానములోని కక్షలును, మతాధికారి యభ్యంతరమును కారణములని చెప్పుదురు. దీనిని విన్న తోడనే తూర్పుదేశములలో మతము శాస్త్రమును చంపినదని మీ తరగతిలో నెవరైన తీర్పు చెప్పినచో, టైకో వేధశాలమాత్ర మేమైనదని అడుగుము. క్రొత్త రాజునకును ఆయనకును పొసగక 1597లో ఆయన దేశమే విడిచిపోగా, ఆ సౌధమును శిథిలమై కూల్చివేతకు గుఱియైనది. రాజుల డబ్బుతో కట్టిన వేధశాలకు రాజుల మనస్సే పునాది. అది పడమట నొకటి, తూర్పున నొకటి కాదు. భేదమంతయు తరువాతివానిలో నున్నది: టైకో కాగితములు కెప్లరు చేతిలో పడినవి. తకీయుద్దీను కాగితము లెవరి చేతిలో పడినవో వెదకుట నీ పని. గుల్‌హానె ఉద్యానములోని శాస్త్రచరిత్ర ప్రదర్శనశాలలో ఆ కాలపు యంత్రముల నమూనాలు గలవు. ఎయూప్ శ్మశానవాటికలో అలీ ఖుష్జీ అను పండితుని సమాధి గలదు. తలపై వస్త్రము కప్పుకొని పోయి చూడుము. ఆయన సమర్‌కందున నేర్చి, అచ్చటి పట్టికలతో పడమరకు వచ్చి, 1474లో ఇస్తాంబులులో మరణించినవాడు. నీవు పోవు దారిలో ఎదురుగా వచ్చినవా డన్నమాట.

ఇరానులో మరాఘా యను చోట 1259లో నసీరుద్దీన్ తూసీ నెలకొల్పిన వేధశాల యవశేషములు గలవు. ఆయన కల్పించిన యొక క్షేత్రగణితయుక్తి కోపర్నికసు గ్రంథమున కనబడుచున్నది. దాని నెవరు మోసికొనిపోయిరో, లేక కోపర్నికసు తానే కనుగొనెనో నేటికిని వివాదమే. చూడదగిన చోటే గాని, ఇప్పటి పరిస్థితులలో వలదు. ఇరానును విడిచి జార్జియా మీదుగా పోదమన్నచో, ఆవలనున్న అజర్‌బైజాను భూసరిహద్దులను కరోనా నాడు, అనగా 2020లో, ప్రయాణికులకు మూసినవారు మరల తెఱవకయే యేండ్లు గడపిరి. కావున నేలమీదనే పోవలెనను పట్టుదలను జార్జియాతో చాలించి, తిబిలీసిలో విమానమెక్కి తాష్కెంటులో దిగుము. జార్జియావారు విందునకు పిలిచినచో పొమ్ము. భోజనము నడుమ ఒక పెద్ద లేచి దీర్ఘముగా శుభాకాంక్షలు పలుకుచు పానపాత్రల నెత్తించును. నీవు పండ్లరసముతో పాత్ర నెత్తినను ఎవరును తప్పుపట్టరు.

సమర్‌కందు నాకు మిక్కిలి ప్రియమైన నగరము. సోవియట్ కాలమున ఒక బృందముతో నేనచ్చటికి పోయితిని గాని, మమ్ము నడిపించిన పెద్దమనిషికి గడియారముమీదనున్న భక్తి వేధశాలమీద లేకపోవుటచేత, కొలది నిమిషములే నిలువగలిగితిని. తైమూరు 1398లో ఢిల్లీని కొల్లగొట్టి, శిల్పులను చెఱపట్టుకొనిపోయి ఆ నగరమున మసీదు కట్టించెను. ఆయన మనుమడు ఉలుగ్‌బేగు పాఠశాలను, ఆపై వేధశాలను కట్టించెను. తాత దోచెను, మనుమడు కొలిచెను. సుమారు నలువది మీటర్ల వ్యాసార్ధముగల రాతిచాపముతో సూర్యుని కొలిచి, వెయ్యిన్నిపదునెనిమిది నక్షత్రముల స్థానములతో 1437లో పట్టికను సిద్ధపఱచెను. 1449లో కన్నకొడుకే ఆయనను చంపించెను. వేధశాల మట్టిలో కలిసి, 1908లో వ్యాత్కినను రష్యను త్రవ్వించువఱకు దాని చోటే యెవరికిని తెలియదు. నేడు మిగిలినది ఆ చాపమునందు భూమిలోని భాగము మాత్రమే. దానిముందు నిలిచి ఫోటో తీసికొనుట ఒక నిమిషపు పని; గీతలను చూచి, వెలుతురు ఏ వైపునుండి పడెనో, మధ్యాహ్నమున ఎవడు ఎక్కడ కూర్చుండి లెక్క వ్రాసెనో ఊహించుట ఒక పూట పని. ఆ పూటను నీకు నేను దానమడుగుచున్నాను.

ఆ వేధశాలలో పనిచేసిన అల్‌కాషీ యను గణకుడు ఊరనున్న తన తండ్రికి వ్రాసిన యుత్తరము నేటికిని నిలిచియున్నది. సభలో ఎవరు ఏ ప్రశ్న వేసిరో, ఎవరు తెల్లమొగము వేసిరో, తానెట్లు నెగ్గెనో, రాజు గణితమున నెంత దిట్టయో అందులో వ్రాసెను. కొంత గొప్పలును చెప్పుకొనెను. పరదేశమున చదువుకొను బిడ్డ తండ్రికి చెప్పుకొనుటలో తప్పేమి? మీ నాన్నకు నీవట్టి యుత్తరము వ్రాయవలెను. చెన్నపట్టణమునుండి 1830లో కాశికి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకిని నీళ్లెట్టివో, బాట యెట్టిదో, బజారులో ఏమి దొరకునో మిత్రుడైన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు వ్రాసి పంపగా, అది 1838లో అచ్చుపడి నేటికిని చదివించుచున్నది. వర్ణనలకంటె ధరలు ఎక్కువకాలము బ్రదుకును. కావున రొట్టె వెల వ్రాయుట మఱువకుము. రొట్టె యనగా జ్ఞప్తికి వచ్చినది: ఉజ్బెకులు గుండ్రని రొట్టెను బోరగిల పెట్టనీయరు, అది యన్నమునకు అవమానమని వారి భావము. నీవు శాకాహారివి గనుక ఆ రొట్టెయు, పండ్లును, పాలులేని పచ్చతేనీరును నీకు దిక్కు. వృద్ధులెవరైన హిందూస్థానీవా యని అడిగి రాజ్‌కపూరు పేరెత్తినచో విసుగుకొనకుము. అంతకంటె సులభమైన పరిచయపత్రము నీకు దొరకదు. అయితే వారితో గాని, నీతో వచ్చు పోలండు అమ్మాయితో గాని, ఇదియంతయు మా పూర్వులు ముందే చెప్పినారని వాదమునకు దిగకుము. మాకేమియు లేదని చిన్నబోవనును వలదు. ఆర్యభటు నెఱిగి అడిగినవారికి చెప్పుము, అడుగనివారివలన నేర్చుకొనుము.

ఇక లౌకికము. నీ జర్మను నివాసపత్రము గడువు తీరకమునుపే తుర్కీ దాటవలెను. అట్టి పత్రమో, షెంగెను వీసావంటిదో చెల్లుబాటులో నున్న భారతీయులకే వారు ఈ-వీసా నిచ్చుచున్నారు. నియమములు మాఱుచుండును, ప్రతిదేశపు రాయబారకార్యాలయపు ప్రకటనను బయలుదేరు వారము మరల చూడుము, స్నేహితుల మాట నమ్మకుము. ఉజ్బెకిస్థానులో బసచేసిన ప్రతిచోట నీ పేరు నమోదైనదా యని అడిగి తెలిసికొనుము. డాలరు నోట్లు మడతలేనివి తెచ్చుకొనుము. నలిగిన నోటును తీసికొనుటకు సంకోచింతురు. డబ్బును రెండుచోట్ల దాచుము. మీ అమ్మతో ధైర్యముగూర్చి చర్చింపకుము. సరిహద్దు దాటినప్పుడెల్ల ‘దాటితిని’ అని యొక్కమాట ఫోనులో పంపుము. ఆమె కోరునది అంతియే.

తాష్కెంటునుండి ఢిల్లీకి వచ్చి, ఇంటికి పరుగెత్తక జయపురమునకు పోవలెను. రాజైన సవాయి జయసింహుడు ఉలుగ్‌బేగు పట్టికలను ముందు పెట్టుకొని, 1724లో ఢిల్లీలోను, పిదప జయపురములోను రాతియంత్రములను కట్టించెను. యూరపువారి లెక్కలను తెలిసికొనగోరి పోర్చుగలునకు దూతలను పంపి, ఫ్రెంచి పండితుడైన లా హీర్ పట్టికలను తెప్పించెను. వానిలో చంద్రుని స్థానము అర్ధాంశ తప్పినదని తన కొలతలతో కనిపెట్టెను. అర్ధాంశ యనగా ముప్పది కలలు! ఎనిమిది కలలు కెప్లరును ఎచ్చటికో కొనిపోయినవి. ముప్పది కలలు చేజిక్కిన జయసింహునకు, అప్పటికి నూఱేండ్లు దాటిన కెప్లరు నియమ మేల అందలేదు? దూతలు సరియైన గ్రంథమును తేలేదా? తెచ్చినను చదువగలవారు లేకపోయిరా? లేక పట్టిక చేతికి వచ్చినను పట్టిక వెనుకనున్న తర్కము రాలేదా? నా యభిప్రాయము మూడవదానివైపు మొగ్గుచున్నది. కాని నేను చరిత్ర చదివినవాడను. గణితము చదివినదానవు నీవు. గోడే వెంకట జగ్గారావుగారు ఇదే మన విశాఖలో 1840లో సొంత వేధశాలను పెట్టుకొన్న నాటికి ఆ తర్కము మద్రాసు వేధశాల మీదుగా ఇచ్చటికి వచ్చియుండెను. నడుమనున్న నూఱేండ్లలో నేమి జరిగెనో నాకు తృప్తిగా చెప్పినవా రింతవఱకు లేరు.

జయపురమునకు నేనును రాదలచితిని. వైద్యుడు మెట్లెక్కవలదన్నాడు గాని, అచ్చటి రాతియంత్రములలోని సామ్రాట్ యంత్రమును క్రిందినుండి చూచుటకు అడ్డు చెప్పలేదు. ఢిల్లీలో దిగు తేదీ నిశ్చయమైన వెంటనే తెలుపుము. ఇచ్చటనుండి టిక్కెట్టు రెండునెలల ముందే తీయకున్న క్రింది బెర్తు దొరకదు. సవరించిన పట్టికను పంపునప్పుడు ఊళ్లు ఎనిమిదికి మించియున్నచో మరల త్రిప్పి పంపెదను.

ఇట్లు
ఆశీస్సులతో
నీ చిన్నతాతయ్య