బానిస కంటికి వెల ఎంత?



'కంటికి కన్ను' అన్న సూత్రం మనందరికీ తెలిసినదే. అది మోషే ధర్మశాస్త్రంలోనిదని మనం చిన్ననాటి నుండి వింటున్నాం. కొండమీది ప్రసంగంలో క్రీస్తు ప్రభువు ఆ సూత్రాన్నే ఎత్తి చెప్పి, దానిని మించిన మార్గాన్ని చూపారు (మత్తయి 5:38-42). అయితే మోషే కాలానికి కొన్ని వందల ఏండ్ల ముందే బబులోను రాజు ఒకడు ఈ సూత్రాన్ని రాతిపై చెక్కించాడని మనలో చాలామందికి తెలియదు. ఆ రాతిని, నిర్గమకాండాన్ని పక్కపక్కన పెట్టి చదివితే ఒక సంగతి తేటపడుతుంది. మనిషి ఎవరని ఒక సమాజం నమ్ముతుందో, దాని చట్టం ఆ మనిషికి అంతే విలువ కడుతుంది. ఈ వారం ఆ సంగతిని పరిశీలిద్దాం.

రెండు నదుల నడుమ

నేటి ఇరాక్ దేశంలో టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్యనున్న నేలను గ్రీకులు మెసపొటేమియా అన్నారు. నదుల నడిమి నేల అని దాని అర్థం. అక్కడి దక్షిణ ప్రాంతంలో వానలు బహు తక్కువ. కాలువ తవ్వితేనే బార్లీ పండుతుంది. కాలువ తవ్వడం, ఏటేటా పూడిక తీయడం, నీటిని వంతుల వారీగా పంచడం ఒక్క ఇంటివారి వల్ల అయ్యే పని కాదు. అందరినీ పనికి పెట్టే అధికారం కావాలి. పనివారికి కొలిచి ఇచ్చే ధాన్యం కావాలి. ఆ లెక్క రాసేవారు కావాలి. ఇటువంటి జీవితం నుండే ఉరుక్, ఊర్, లగాష్, నిప్పూర్ వంటి సుమేరు నగరాలు ఎదిగాయి.

క్రీ.పూ. 3300 ప్రాంతంలో ఉరుక్ నగరంలో తడి మట్టి పలకలపై రెల్లుపుల్లతో గీసిన గుర్తులు లోకంలోని తొలి రాతలలో చేరతాయి. వాటిలో ఎక్కువ భాగం ప్రార్థనలు కావు, కథలూ కావు. గొర్రెలు ఎన్ని, బార్లీ ఎంత, పనివారికి కొలిచినది ఎంత అన్న లెక్కలే. ఇక ఊర్ నగరం మనకు కొత్తది కాదు. అబ్రహాము కుటుంబం బయలుదేరిందని ఆదికాండము (11:31) చెప్పే ఊర్ ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం.

గుడి, రాజు, సామాన్యుడు

ప్రతి నగరానికీ ఒక దేవుడు ఉండేవాడు. ఊర్‌కు చంద్రదేవుడు నన్నా, నిప్పూర్‌కు ఎన్లిల్, బబులోనుకు మర్దూకు. నగరంలో అంతస్తులు అంతస్తులుగా జిగ్గురాట్ అనే ఎత్తయిన కట్టడం కట్టేవారు. క్రీ.పూ. 2100 ప్రాంతంలో ఊర్ రాజు ఉర్-నమ్ము కట్టించిన జిగ్గురాట్ శిథిలాలు నేటికీ ఉన్నాయి. గుడికి సొంత పొలాలు, మందలు, ధాన్యపు కొట్లు ఉండేవి. దేవుని తరఫున రాజు పాలించేవాడు.

మరి సామాన్యుడు ఎవరు? 'అత్రహాసిస్' అనే బబులోనియా కావ్యం దీనికి జవాబు చెబుతుంది. కాలువలు తవ్వి తవ్వి అలసిపోయిన చిన్న దేవతలు తిరగబడ్డారట. వారి చాకిరి తప్పించడానికి ఒక దేవుణ్ణి చంపి, అతని రక్తమాంసాలను మట్టితో కలిపి మనిషిని చేశారట. అంటే మనిషి పుట్టిందే దేవతలకు బదులు తట్ట మోయడానికి! రాజును మాత్రం దేవుని ప్రతిరూపమని పొగిడే రచనలు అస్సీరియా దేశంలో కనిపిస్తాయి. ఆదికాండము (1:27) ఆ గౌరవాన్ని ఒక్క రాజుకు కాక స్త్రీపురుషులందరికీ ఇచ్చింది. ఈ తేడాను గుర్తుంచుకొని ముందుకు వెళదాం.

హమ్మురాబి చెక్కించిన రాయి

హమ్మురాబి క్రీ.పూ. 1792 నుండి 1750 వరకు బబులోనును పాలించాడు. అతడు చెక్కించిన నల్లని రాతిస్తంభం సుమారు రెండుంపావు మీటర్ల ఎత్తు ఉంటుంది. పైభాగంలో న్యాయానికి అధిపతియైన సూర్యదేవుడు షమాషు ఎదుట రాజు నిలబడి ఉంటాడు. కింద సుమారు 280 చట్టాలు ఉన్నాయి. ఈ స్తంభం 1901-1902లో, నేటి ఇరాన్‌లోని సూసా వద్ద, ఫ్రెంచివారి తవ్వకాలలో బయటపడింది. దానిని చదివి 1902లోనే అనువాదం ప్రచురించినవారు విన్సెంట్ షీల్ అనే దొమినికన్ సభ గురువు. నేడు అది పారిస్‌లోని లూవ్రు మ్యూజియంలో ఉన్నది.

బలవంతుడు బలహీనుణ్ణి అణచకూడదని, అనాథకూ విధవరాలికీ న్యాయం జరగాలని రాజు ఆ రాతిపై చెప్పుకున్నాడు. అవి వట్టి మాటలు కావు. గాలివాన వల్లనో, నీరు లేకనో పంట పోయిన రైతు ఆ ఏడు అప్పు ధాన్యం కట్టనక్కరలేదు, ఆ ఏటి వడ్డీ కూడా లేదని ఒక చట్టం. అప్పు కింద భార్యనో బిడ్డలనో అప్పగించవలసి వస్తే, వారు మూడేండ్లు పనిచేసి నాలుగవ ఏట విడుదల కావాలని మరొక చట్టం. నాలుగువేల ఏండ్లకు దగ్గరైన ఈ మాటలను మన రైతు కుటుంబాలు చదివితే ఆశ్చర్యపోక తప్పదు.

ఒకే కన్ను, మూడు ధరలు

అయితే ఆ సమాజంలో మనుషులు మూడు అంతస్తులు. 'అవీలుం' పూర్తి హక్కులున్న పెద్దమనిషి. 'ముష్కేనుం' అతనికంటె తక్కువవాడు. మూడవవాడు బానిస. ఇప్పుడు కంటి సంగతి చూడండి.

1. పెద్దమనిషి కన్ను మరొక పెద్దమనిషి పోగొడితే, పోగొట్టినవాని కన్ను తీయాలి.

2. తక్కువవాని కన్ను పోగొడితే, ఒక మినా, అంటే సుమారు అర కిలో వెండి చెల్లించాలి.

3. ఒకరి బానిస కన్ను పోగొడితే, ఆ బానిస వెలలో సగం చెల్లించాలి.

కన్ను పోయినది బానిసకు, నష్టం లెక్క కట్టినది యజమానికి! పనిముట్టు విరిగితే దాని సొంతదారునికి నష్టపరిహారం ఇచ్చినట్లే ఇదీను.

ఇప్పుడు నిర్గమకాండము 21:26-27 తెరవండి. యజమాని తన దాసుని గాని దాసిని గాని కొట్టి కన్ను పోగొడితే, ఆ కంటికి బదులుగా ఆ మనిషిని స్వతంత్రునిగా పంపివేయాలి. పన్ను ఊడినా అంతే. ఇక్కడ పరిహారం యజమాని చేతికి కాదు, దెబ్బ తిన్నవానికే దక్కుతున్నది. అతడు వస్తువు కాదు, మనిషి.

నిజం నిజంగానే చెప్పుకోవాలి. ఇశ్రాయేలీయులలో కూడా బానిసత్వం పోలేదు. అదే అధ్యాయం 21వ వచనం దాసుణ్ణి యజమాని సొత్తుగానే పేర్కొంటున్నది. అయినా అందరూ దేవుని రూపంలో సృజింపబడ్డారన్న నమ్మకం ఆ గోడలో ఒక తలుపు తెరిచింది.

తల్లి దగ్గరికి తిరిగి వెళ్లడం

అప్పే మనిషిని బానిసను చేస్తుందని ఆనాటి రాజులకు బాగా తెలుసు. వడ్డీ వెండికి నూటికి 20, బార్లీకి నూటికి 33 వరకు ఉండేది. అందుకే అప్పుడప్పుడు రాజులు అప్పులు రద్దు చేసేవారు. క్రీ.పూ. 2400 ప్రాంతంలో లగాష్ పాలకుడు ఎన్మెతేనా అలా చేసి, బిడ్డను తల్లికి, తల్లిని బిడ్డకు తిరిగి ఇచ్చానని రాయించుకున్నాడు. ఆ విముక్తికి సుమేరు భాషలో మాట 'అమర్గి'. తల్లి దగ్గరికి తిరిగి వెళ్లడం అని దాని అర్థం. హమ్మురాబి వంశస్థుడు అమ్మీ-సదూకా ఇచ్చిన రద్దు శాసనం కూడా దొరికింది. కాని పుట్టు బానిసలకు అది వర్తించలేదు. పైగా ఈ దయ ఎప్పుడు చూపాలన్నది రాజు ఇష్టం.

లేవీయకాండము 25వ అధ్యాయం దీనిని రాజు ఇష్టానికి విడిచిపెట్టలేదు. ప్రతి 50వ ఏట జూబిలీ రావాలి. అమ్ముకున్న పొలం తిరిగి రావాలి, అప్పు వల్ల దాసుడైన ఇశ్రాయేలీయుడు తన ఇంటికి వెళ్లాలి. భూమి దేవునిది గనుక ఎవరూ దానిని శాశ్వతంగా అమ్మరాదు. అక్కడ విముక్తికి వాడిన హెబ్రీ మాట 'దెరోర్', బబులోనియా శాసనాలలోని 'అందురారుం' ఒకే ధాతువు నుండి పుట్టినవి.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన చాలదు. యిర్మీయా గ్రంథం 34వ అధ్యాయంలో, శత్రువు ముట్టడిలో ఉండగా యెరూషలేము పెద్దలు తమ దాసులను విడిచిపెట్టారు. ఆ తరువాత మనసు మార్చుకొని మళ్లీ పట్టి తెచ్చుకున్నారు. ప్రవక్త వారిని గట్టిగా ఖండించాడు.

మన సంగతి ఏమిటి?

అప్పు కింద మనిషిని కట్టివేయడం మనకు వెట్టి అన్న మాటతో బాగా తెలుసు. మన దేశంలో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. 2000 జూబిలీకి ముందు రెండవ జాన్ పాల్ పోపుగారు, 2025 జూబిలీకి ముందు ఫ్రాన్సిస్ పోపుగారు పేద దేశాల అప్పులు తగ్గించాలని, మాఫీ చేయాలని సంపన్న దేశాలను కోరారు. కాని ఈ పాఠం దేశాలకు మాత్రమే కాదు. మన పొలంలో, మన ఇంట్లో పనిచేసేవారి కంటికి మనం కట్టే వెల ఎంత? మన బిడ్డ చేయి కాలితే పరుగెత్తే మనం, పనిమనిషి చేయి కాలితే రేపు పనికి ఎవరు వస్తారని మొదట ఆలోచిస్తే, మనమింకా హమ్మురాబి రాతి దగ్గరే నిలబడి ఉన్నట్లు.

ఇంటిల్లిపాదీ చర్చించుకోవడానికి

1. నిర్గమకాండము 21:26-27ను హమ్మురాబి చట్టంతో పోల్చండి. పరిహారం ఎవరికి దక్కుతున్నది?

2. మన విచారణలో అప్పు వల్ల చదువు మానిన పిల్లలు, ఊరు విడిచిన కుటుంబాలు ఉన్నాయా? వారిని 'తల్లి దగ్గరికి' చేర్చడానికి మనం చేయగలిగినది ఏమిటి?

3. మన దగ్గర పనిచేసేవారికి జబ్బు చేసిన రోజుల్లో జీతం ఇస్తున్నామా, కోస్తున్నామా?