కుందేలు బొమ్మ వేసిందెవరు?

ఫ్రిస్కోలోనో ఫ్రీమాంట్‌లోనో షాపుకెళ్లి ఒక ఫేస్‌క్రీమ్ చేతిలోకి తీసుకోండి. డబ్బా నిండా మంచి మాటలే: క్రూయెల్టీ ఫ్రీ, వీగన్, నేచురల్. నమ్మేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ మాటకు పూచీ ఎవరిది?

అమెరికా చట్టంలో 'క్రూయెల్టీ ఫ్రీ'కి నిర్వచనమే లేదు. ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏనే ఆ సంగతి చెబుతోంది. తయారైన క్రీమును జంతువులపై పరీక్షించకపోవచ్చు, అందులో కలిపిన ముడిసరుకును మాత్రం ఇంకెవరో పరీక్షించి ఉండొచ్చు. అయినా కంపెనీ ఆ మాట రాసుకుంటుంది. అందుకే ఈ డబ్బాల మీద కనిపించే కుందేలు బొమ్మలన్నీ ఒకటి కావు. 1996లో ఎనిమిది జంతు సంరక్షణ సంస్థలు కలిసి తెచ్చిన 'లీపింగ్ బన్నీ' గుర్తు కావాలంటే కంపెనీ తన సరఫరాదారుల దాకా లెక్క చూపాలి, బయటివాళ్ల తనిఖీకి ఒప్పుకోవాలి. ఏ సంస్థ పేరూ లేని ఉత్త కుందేలు బొమ్మ వెనుక అలాంటి పూచీ ఏదీ ఉండదు.

'వీగన్' సంగతి వేరు. జంతువుల నుంచి తీసిన పదార్థాలు లేవని మాత్రమే దాని అర్థం, పరీక్షల ఊసు అందులో లేదు. అలాగే క్రూయెల్టీ ఫ్రీ లిప్‌స్టిక్‌లో పురుగుల నుంచి తీసే ఎర్రరంగు కార్మైన్ ఉండొచ్చు. శాకాహారం నిష్ఠగా పాటించేవారికి ఇది చిన్న విషయం కాదు. 2011 నుంచి కార్మైన్ పేరు లేబుల్ మీద రాయడం తప్పనిసరి. డబ్బా వెనక్కి తిప్పి చదివితే కనిపిస్తుంది.

'నేచురల్'కూ నిర్వచనం లేదు. ఇక్కడే నాకు మనవాళ్ల గురించి దిగులు. ఊరి నుంచి వచ్చిందంటే చాలు, మంచిదే అనుకుంటాం. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటోందని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. అమ్మమ్మ ఎంత ప్రేమతో పంపినా సరే, పసిపాప కళ్లకు మాత్రం పెట్టకండి.

ఇక మొహమాటం వదలండి. అడిగితే ఏమనుకుంటారో అని ఆగిపోవడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. 2022 చివర్లో వచ్చిన చట్టం ప్రకారం, వాడాక ఏదైనా తేడా చేస్తే చెప్పుకోవడానికి కంపెనీ చిరునామా, ఫోన్, వెబ్‌సైట్‌లలో ఏదో ఒకటి లేబుల్ మీద ఉండాలి. అక్కడికే రాయండి: 'మీ ముడిసరుకును జంతువులపై పరీక్షించారా? లేదని తనిఖీ చేసిందెవరు?' సూటిగా జవాబిచ్చిన కంపెనీ సరుకు కొనండి. మాట దాటవేస్తే ఆ డబ్బా అరలోనే ఉంచేయండి.