అవ్వ మాత్ర వేసుకుందా, మానేసిందా?

పోయిన నెల మా అవ్వ బీపీ మాత్ర మానేసింది. కాళ్లు వాస్తున్నాయని తనే మానుకుంది. డాక్టరుగారికి తెలుగూ రాదు, తమిళమూ రాదు. అందుకని నేను ఇంగ్లీషులో మెసేజ్ పెట్టాను: "షి స్టాప్డ్ టు టేక్ ద టాబ్లెట్."

సాయంత్రం ఆయన బదులిచ్చారు: వేసుకుంటున్నారా, మానేశారా? నేను చూసేసరికి రాత్రి పది దాటింది. అవ్వ ఆ పూట కూడా మాత్ర లేకుండానే పడుకుంది.

నేను రాయాల్సింది "స్టాప్డ్ టేకింగ్". రాసినదానికి అర్థం, చేస్తున్న పని ఆపి మాత్ర వేసుకుంది అని. పూర్తిగా తిరగబడింది!

ఇంగ్లీషులో 'టు' చేరిన రూపం ఇన్ఫినిటివ్, మన తుమున్నర్థకం లాంటిది. 'ఇంగ్' చేరిన రూపం జెరండ్, మన 'వేసుకోవడం' లాంటి క్రియానామం. 'స్టాప్' తర్వాత లెక్క సులువే. "వేసుకోవడం ఆపింది" అంటే ఇంగ్, "వేసుకోవడానికి ఆగింది" అంటే టు.

అయితే 'డం' ఉన్నచోటల్లా ఇంగ్ పెడితే మళ్లీ తప్పే. 'ఫర్గెట్' చూడండి. "తాళం వెయ్యడం మర్చిపోయాను" అంటే తాళం వెయ్యలేదు. ఇంగ్లీషులో "ఫర్గాట్ టు లాక్". మా అమ్మ తమిళంలో "పూట్ట మరందుట్టేన్" అంటుంది, టుకి అదే దగ్గర. "తాళం వేసిన సంగతే మర్చిపోయాను" అంటేనే "ఫర్గాట్ లాకింగ్". 'రిమెంబర్' కూడా అంతే. చెయ్యాల్సిన పనికి టు, చేసేసిన పనికి ఇంగ్.

నాకు బాగా నచ్చింది 'ట్రై'. "ట్రై టు ఓపెన్ ద విండో" అంటే కిటికీ తెరవడానికి ప్రయత్నించు, అది బిగుసుకుపోయి ఉండొచ్చు. "ట్రై ఓపెనింగ్ ద విండో" అంటే తెరిచి చూడు, గాలొస్తుందేమో. ఆ 'చూడు' కళ్లతో చూడడం కాదు కదా!

కొన్ని మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే. ఎంజాయ్, ఫినిష్, అవాయిడ్ తర్వాత ఇంగ్. వాంట్, హోప్, డిసైడ్ తర్వాత టు. లైక్, స్టార్ట్ తర్వాత ఏది పెట్టినా అర్థం పెద్దగా మారదు.

ఇప్పుడు మెసేజ్ పంపేముందు తెలుగులోకి తిప్పి ఒకసారి చదువుకుంటున్నాను. డాక్టరుగారు అవ్వకి వేరే మాత్ర రాశారు. "దీన్ని మాననులే" అంటోంది. ఆ మాట ఆయనకి ఎట్లా రాయాలి? కింద ఖాళీ వదిలాను, పెన్సిల్‌తో నింపండి.

షి వోంట్ స్టాప్ ________ ద టాబ్లెట్.