నా చూపును మార్చిన పుస్తకాలు

పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. అయితే చేతికి అలంకారంగా ఉండిపోయే పుస్తకం వేరు, మనిషి చూపును మార్చే పుస్తకం వేరు. పరీక్ష కోసం చదివింది హాలు గుమ్మం దాటగానే సగం మరుపున పడుతుంది (మన లెక్చరర్లు క్షమింతురు గాక!). రెండో రకం పుస్తకం అంత తేలిగ్గా వదలదు. సైన్సు విద్యార్థికి ఇటువంటి చదువుతో పనేమిటి అనుకునే మిత్రుల కోసమే ఈ వ్యాసం.

ముందుగా పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథానికల పోటీలో దానికి ద్వితీయ బహుమతి వచ్చిన సంగతి చాలామందికి తెలిసిందే. ఆయన కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పిన అధ్యాపకుడన్నది అంతగా తెలియదు. నియమాలతో బతుకును కొలిచి పెట్టుకున్న ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, ఒక తుఫాను రాత్రి. ఇంతే కథ. ఎంత చక్కని సిద్ధాంతాన్నైనా పరీక్షకు పెట్టాల్సిందేనని లాబ్‌లో చెబుతారు గదా, మనుషులు పెట్టుకున్న సిద్ధాంతాలకూ అది తప్పదని నాకు ఈ కథ చెప్పింది.

డార్విన్ అనగానే మనకు పరిణామవాదం, పది మార్కుల ప్రశ్న. కానీ ఆయన చివరి పుస్తకం వానపాముల గురించి! 1881లో వచ్చింది, మరుసటి ఏడాదే ఆయన చనిపోయినాడు. ఆ విషయం మీద తొలి వ్యాసం 1837లోనే చదివినాడంటే, నలభై ఏండ్లకు పైగా ఎర్రలను మరవలేదన్నమాట. వాటిని కుండీల్లో పెంచి, వినికిడి ఉందేమో చూద్దామని దగ్గర పియానో వాయిస్తే అవి కదలలేదట. కుండీలను ఆ పియానో మీదనే పెట్టి వాయిస్తే అదురు తగిలి బొరియల్లోకి దూరినాయట. ఇంగ్లండులో అనేక చోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు మించిన మట్టి వాటి కడుపు గుండా పైకి వస్తుందని లెక్క కట్టినాడు. మాది గడివేముల. నల్లరేగడి భూమిలో పుట్టి పెరిగినవాణ్ణి. ఎర్ర అంటే చేపల గాలానికి గుచ్చేదనే నాకు తెలుసు. ఈ పుస్తకం చదివినాక అది మా కంటే ముందునుంచి సేద్యం చేస్తున్న రైతులాగా కనపడింది.

ఇక మూడోది. జపాన్‌లోని షికోకు దీవికి చెందిన ఫుకువోకా వృక్షరోగ శాస్త్రవేత్త. యొకొహామా కస్టమ్స్‌లో మొక్కల తనిఖీ ఉద్యోగం వదిలి, తండ్రి పొలానికి తిరిగిపోయినాడు. దున్నకుండా, రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా వరి, బార్లీ పండించినాడు. 1988లో మెగసెసే అవార్డు ఇచ్చినారు. ఆయన పుస్తకం తెలుగులో 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో వచ్చింది. తెలుగులో ఉండడమే మేలైంది. ఇంగ్లీషులోనే ఉంటే నేనొక్కణ్ణే చదువుకుని మూసేసేవాణ్ణి. సెలవుల్లో రాత్రిపూట మా నాయనకు చదివి వినిపించినాను.

కోత కోసిన గడ్డినంతా తిరిగి పొలంలోనే పరచాలి అన్న చోట నాయన ఆపినాడు.

"గడ్డంతా చేన్లో పరిస్తే ఎనుములు ఏం తినాలప్పా?"

నా దగ్గర జవాబు లేదు. పుస్తకంలో మా ఎనుముల ఊసు లేదు. షికోకులో మనకంటే చాలా ఎక్కువ వానలు. మా వరి కె.సి. కాలువ నీళ్ళ కోసం చూస్తుంది. నీళ్ళు ఆలస్యమైతే పుస్తకంలోని పద్ధతీ ఆలస్యమే, మందుల అంగట్లో అప్పు మాత్రం ఆలస్యం కాదు. అయినా నాకు ఆ పుస్తకం మీద గౌరవం తగ్గలేదు. కారణం నారింజ తోట. కత్తిరింపు మానేసి చెట్లను వాటి మానాన వదిలితే, కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి చెట్లు చచ్చిపోయిన సంగతి ఫుకువోకా దాచుకోకుండా రాసినాడు. వదిలెయ్యడం వేరు, ప్రకృతి సేద్యం వేరు అని అక్కడే తేల్చినాడు. ఓడిన ప్రయోగాన్ని కూడా రికార్డులో రాసేవాడే శాస్త్రవేత్త అని నా అభిప్రాయం.

ఆయన ఉద్యోగం వదిలి పొలానికి పోయిన పుట మాత్రం మా ఇంట్లో ఇంకా తగాదాగానే ఉంది. "నువ్వు మడక పట్టకూడదనే గదరా చదివించేది" అంటాడు నాయన. డిగ్రీ అయినాక నేను ఏ దారి పట్టాలన్నది ఇద్దరమూ తేల్చుకోలేదు. ఈలోగా, అడగ్గా అడగ్గా, కాలువ గట్టు పక్కన పది సెంట్లు నాకు ఇచ్చినాడు. అందులో మందు కొట్టేది లేదు. గడ్డిలో సగం ఎనుములకు, సగం నేలకు. వానలు పడి నేల మెత్తబడినాక చదరపు అడుగు తవ్వి ఎర్రలను లెక్కపెడతాను, గట్టు అవతల మందు కొట్టిన మడిలోనూ అంతే కొలతకు. రెండు లెక్కలూ రాయడానికి నోటుపుస్తకంలో గళ్ళు గీసి పెట్టినాను. నాయన సొంతంగా మూడో గడి గీయించినాడు, ఖర్చులకు.