బిడ్డను బట్టి పాఠం



కొందరు బిడ్డలు నిదానంగా ఎదుగుతారు. మాట ఆలస్యం, నడక ఆలస్యం, అయిదో తరగతికొచ్చినా అక్షరాలు నిలవవు. అట్లాంటి ఇంటికి వచ్చినోళ్లు తల్లితో అనే మాట: "ఏ జన్మలో ఏం పాపం చేసినావో!" అక్కడి నుంచే మొదలుపెడదాం.

1. ఇది పాపఫలం అని తేల్చేయవద్దు

మనిషి అనుభవించేదంతా వెనకటి కర్మ వల్లనే అంటారే, మీరేమంటారని సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగాడు. సంయుత్త నికాయంలో ఉందీ సంగతి. బుద్ధుడు ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలిసి చెడడం, రుతువుల మార్పు, ఒళ్లు సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు, కర్మ - ఇట్లా ఎనిమిది కారణాలు చెప్పాడు. కర్మ ఎనిమిదింటిలో ఒకటి మాత్రమే. కాబట్టి తల్లిని నిందించడం ధమ్మం కాదు.

2. చూళపంథకుడి కథ

చూళపంథకుడికి నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి రాలేదు. సొంత అన్న మహాపంథకుడే విహారం వదిలి పొమ్మన్నాడు. బుద్ధుడు ఆయన చేతికి ఒక తెల్లగుడ్డ ఇచ్చి, మురికి పోవాలని అనుకుంటూ రుద్దుతూ కూర్చోమన్నాడు. గుడ్డ మాసింది. ఆ మాసిన గుడ్డలోనే ఆయనకు అనిత్యం కనబడింది, అర్హతుడైనాడు.

మన బిడ్డ కూడా ఒకరోజు అద్భుతం చేస్తాడని ఈ కథకు అర్థం కాదు. శిష్యుడు మారలేదు, పాఠం మారింది. మనం పట్టుకోవాల్సింది అదే.

3. మన మండలంలోనే ఒక దారి

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నప్పుడు బడిలో మందబుద్ధి అనుకుని కొట్టేవాళ్లు. పెద్దయ్యాక ఆయన పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చవద్దని చెబుతూ వచ్చాడు. ఆయన పేరుతో ముడిపడిన రిషి వ్యాలీ మన కురబలకోట మండలంలోనే ఉంది. వాళ్లు పల్లె బడుల కోసం నిచ్చెన లాంటి పద్ధతి తయారు చేశారు. ప్రతి బిడ్డా తన మెట్టు మీద తాను, తన వేగంతో ఎక్కుతాడు. నాలుగు రోజులు రాకపోయినా వదిలిన మెట్టు నుంచే మళ్లీ మొదలు. ఈ పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది.

4. ఆశ వేరు, తణ్హ వేరు

బిడ్డ ఇబ్బంది మొదటి బాణం. "పక్కింటోడి మాదిరి వీడెందుకు లేడు" అనేది మనకు మనమే గుచ్చుకునే రెండో బాణం. టమాటా నాటితే రెండు మూడు నెలలకే కోత. చింతచెట్టుకు ఏండ్లు పడతాయి. చింతమొక్కను టమాటా కాయమని తిడతామా?

ఆశ పెట్టుకోండి, చేతికందేంతగా పెట్టుకోండి. ఈ నెల చొక్కా గుండీ తానే పెట్టుకోవాల. వచ్చే నెల అన్నం తానే కలుపుకోవాల. పోలిక పోయినేడాది వాడితోనే. ఉపేక్ష అంటే వదిలేయడం కాదు. పని మానకుండా, ఫలితం కోసం తన్నుకులాడకుండా ఉండడం.

5. చేయాల్సిన పనులు

- సదరం ధ్రువపత్రం తీసుకోండి. 2016 చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న బిడ్డకు 6 నుంచి 18 ఏండ్ల వరకు ఉచిత చదువు హక్కు.
- భవిత కేంద్రం గురించి మండల విద్యాశాఖ ఆఫీసులో అడగండి.
- ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు నిరామయ బీమా లక్ష రూపాయల దాకా ఉంది.
- పూర్తిగా నయం చేస్తామనే వాళ్లకోసం చేను అమ్మవద్దు. పెండ్లి చేస్తే బాగైపోతాడని ఇంకో బిడ్డ బతుకు ముడిపెట్టవద్దు.
- మన తర్వాత ఎవరనే మాట ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు భారంగా కాదు, బంధంగా నేర్పండి.

ఈ వారం సాధన

రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు ఆనాపాన చేసి మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈరోజు నా బిడ్డను ఎవరితో పోల్చాను? వాడు ఎక్కిన చిన్న మెట్టు ఏది? అది చూసి నేను సంతోషించానా? ఆ సంతోషమే ముదిత. ముందు మెత్త బిడ్డకు, తర్వాత మీకు మీరే ఇచ్చుకోండి.